కెడిల్‌స్టన్‌కు రెక్కలు రెండే

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్‌లోని కెడిల్‌స్టన్ హాల్ అనే పాత జమీందారీ భవనం గురించి వచ్చిన వ్యాసం చదివాను. చక్కగా చదివించింది, కాదనను. కానీ అందులో నాలుగు పొరపాట్లు దొర్లాయి. రెండు చిన్నవి, వాటిని వదిలేసేవాణ్ణే. మిగతా రెండూ మాత్రం భవనాల పనిలో జుట్టు నెరిసినవాడు చూసి ఊరుకోలేనివి. ప్రభుత్వ భవనాల పనుల్లో ముప్పై రెండేళ్లు ఉండి, డి.ఇ. హోదా ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి. ఆ ఇంటిని రెండుసార్లు చూసివచ్చాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా డెర్బీలో ఉంటారు. కెడిల్‌స్టన్ అక్కడికి కారులో కాసేపటి దూరం. మొదటిసారి అందరం కలిసి వెళ్లాం. రెండోసారి జేబులో టేపు పెట్టుకుని నేనొక్కణ్ణే వెళ్లాను. దాన్ని బయటికి తీసే వీలు దొరకలేదు, అది వేరే సంగతి.

మీ వ్యాసంలో మొదటి వాక్యమే ‘రాబర్ట్ ఆడమ్ నిర్మించిన సౌధం’ అని ఉంది. అసలు జరిగింది ఇది. సర్ నథానియేల్ కర్జన్ 1758లో తండ్రి ఆస్తికి వారసుడయ్యాడు. అప్పటికి అక్కడొక ఇటుక ఇల్లుంది, 1700 ప్రాంతంలో కట్టింది, దానికి వచ్చిన లోటేమీ లేదు. దాన్ని పడగొట్టించాడు. ఇంటి ఎదుట ఊరుండటం నచ్చక ఊరిని జరిపించాడు, దారిని మళ్లించాడు. మధ్యయుగాల నాటి చర్చి ఒక్కటే కదలలేదు. ఇప్పటికీ అది ఆ పెద్ద భవనం పక్కన, పెళ్లివారింట్లో పాత చుట్టంలా ఒదిగి కూర్చుని ఉంటుంది. మా గోదావరి జిల్లాల్లో ముంపు ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు గుడి సంగతి ఎవరూ తేల్చుకోలేక నిలిచిపోవడం నాకు తెలుసు కాబట్టి, ఆ చర్చి దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను.

1759లో కొత్త ఇంటి పని మొదలైంది. మొదట వచ్చిన ఆర్కిటెక్టు మాథ్యూ బ్రెటింగమ్. ఇటలీలో పల్లాడియో అనే మహానుభావుడు గీసిన ఒక ఇంటి నక్షా ఆధారంగా, మధ్యలో పెద్ద కట్టడం, నాలుగు మూలలా నాలుగు చిన్న కట్టడాలు (రెక్కలంటే ఇవే), వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవలు అనుకున్నారు. బ్రెటింగమ్ ఈశాన్యపు రెక్క మొదలుపెట్టాడు. ఆ తర్వాత జేమ్స్ పెయిన్ వచ్చి వంటశాల ఉన్న రెక్కను, మధ్య కట్టడం ఉత్తరపు ముఖాన్ని చేపట్టాడు. రాబర్ట్ ఆడమ్‌ను పిలిచింది అసలు తోటలో చిన్న చిన్న కట్టడాలకు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు దాటాయంతే, రోములో శిథిలాలు కొలిచి కొంతకాలం కిందటే తిరిగి వచ్చాడు. తోట పని చేస్తూనే 1760లో ఇంటి పని మొత్తం చేతిలోకి తీసుకున్నాడు. పునాది ఒకరిది, గోడలు ఇంకొకరివి, శిలాఫలకం మీద పేరు మూడోవారిది. ఇది మా శాఖలో మాత్రమే జరిగే వ్యవహారం అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ.

ఆడమ్‌ను నేను తక్కువ చేయడం లేదు. పెయిన్ ముఖం కట్టాడు, నిజమే. లోపలికి అడుగుపెట్టగానే నోట మాట రాకుండా చేసింది మాత్రం ఆడమే. అయితే పని స్థలంలో ఎండా వానా భరించి, రాయి వచ్చిందా, దూలం కుదిరిందా అని చూసినవాడు ఇంకొకడున్నాడు. శామ్యూల్ వాయట్. వడ్రంగిగా చేరి, తర్వాత పని మొత్తానికి పర్యవేక్షకుడయ్యాడు. మా భాషలో చెప్పాలంటే వర్క్ ఇన్‌స్పెక్టర్. మీ వ్యాసంలో అతని పేరే లేదు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ఇక పాలరాతి స్తంభాల సంగతి. ‘ఇరవై పాలరాతి స్తంభాలు’ అని రాశారు. ఆ గదిని అక్కడివాళ్లే మార్బుల్ హాల్ అంటారు కాబట్టి ఇందులో మీ వ్యాసకర్త తప్పు పెద్దగా లేదు. స్తంభాలు ఇరవై, ఎత్తు 25 అడుగులు. కానీ అవి పాలరాయి కాదు, అలబాస్టర్. రెండూ చూపుకు చుట్టాల్లా ఉంటాయి గానీ జాతి వేరు. పాలరాయి సున్నపురాయి జాతి. ఈ అలబాస్టర్ జిప్సం జాతి, మనం ఫాల్స్ సీలింగుకు వాడే పొడికి పుట్టిల్లు. గోటితో గీరితే గీత పడేంత మెత్తన. నీళ్లకు ఆగదు, ఆరుబయట పెడితే వానకు కొద్దికొద్దిగా కరుగుతుంది. అందుకే ఇంట్లోకి తప్ప పనికిరాదు. నాటింగమ్‌షైర్‌లో కర్జన్లకు సొంత గని ఉండేది, అక్కడి నుంచే తెప్పించారు. లేత గులాబీ, ఆకుపచ్చ, గోధుమరంగు చారలు కలిసి, మాంసం ముక్కలో నరాల్లా పైకి పాకుతుంటాయి. మా ఆవిడ ‘ఈ పోలిక ఇంకెక్కడా అనకండి’ అంది. ఇంతకంటే సరైన పోలిక నాకు దొరకలేదు, అందుకని రాసేస్తున్నాను.

మెత్తన రాయి కావడం వల్ల ఒక వింత జరిగింది. స్తంభాలను మొదట నున్నగా నిలబెట్టారు. వాటి ఒంటి మీద నిలువునా గాడులు చెక్కింది కొన్నేళ్ల తర్వాత, నిలబడి ఉన్న స్తంభాల మీదే. ఇరవై స్తంభాలు, ఒక్కొక్క దానికి చుట్టూ గాడులు, పాతిక అడుగుల ఎత్తు, ఉలి ఒక్క దెబ్బ పక్కకు పోతే సరిదిద్దేందుకు వేరే రాయి లేదు. గ్రానైటు అయితే ఎవరూ ఈ సాహసం చేయరు. నేను నేల మీద మోకాళ్లపై కూర్చుని ఒక స్తంభం దిమ్మె దగ్గర గాడి ఎలా ముగిసిందో చూస్తున్నాను. ఆ గదికి కాపలాగా కూర్చునే స్వచ్ఛంద సేవకురాలు, డెబ్బై దాటిన పెద్దావిడ, గబగబా వచ్చి ‘ఏమైనా పోగొట్టుకున్నారా’ అని అడిగింది. ఉలి దెబ్బ వెతుకుతున్నానని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, తన కుర్చీ వెనకున్న స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, చిన్న దీపం వెలిగించి పక్కవాటంగా పట్టింది. ఎదురు వెలుతురులో నున్నగా కనిపించే గాడి, పక్క వెలుతురులో అలలు అలలుగా కనిపించింది. చేతి పని అది. మెషీను చెక్కితే ఆ అల రాదు.

ఆ గదికి కిటికీ ఒక్కటీ లేదు. పొడవు 67 అడుగులు, వెడల్పు 42, ఎత్తు 40. వెలుతురంతా పైకప్పులోని గాజుల నుంచే. రోమన్ల ఇళ్లలో నడిమి గదికి పైన ఆకాశం కనిపించేది, దానికి పోలికగా చేశానన్నది ఆడమ్ లెక్క. మీ వ్యాసకర్త దీన్ని వివరించడానికి పేరా అంతా తంటాలు పడ్డారు. తెలుగువాళ్లకు అంత తంటా ఎందుకండీ? మండువా అంటే సరిపోయేది. కోనసీమలో మా తాతగారిది మండువా లోగిలి. నాలుగు చూరుల నీళ్లూ నడిమి వాకిట్లో పడేవి, శ్రావణంలో గోలేలు పెట్టి పట్టేవాళ్లు. కెడిల్‌స్టన్ వారి హాలు గాజు మూత పెట్టిన మండువా. మా తాతగారింట్లో వాన లోపలికి రావాలనే కట్టారు కాబట్టి చిక్కు లేదు. గాజు మూత పెట్టినవాడికే చిక్కంతా. నా ఉద్యోగంలో ఒక అతిథి గృహానికి మెట్ల పైన గాజు కప్పు వేయించాను. పై అధికారి ముచ్చటపడ్డారు మరి. తొలి వానకే మెట్ల మీద బకెట్లు వచ్చాయి. తారు పూశాం, సీసం రేకు వేశాం, చివరికి పైన మరో రేకుల కప్పు వేసి గాజునే మూసేశాం. కెడిల్‌స్టన్‌లో తలెత్తి ఆ గాజుల అంచులు చూస్తుంటే నాకు మెడ కంటే మనసే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ స్తంభాల హాలు వెనక గది గుండ్రటిది. అడ్డంగా 42 అడుగులు, గుమ్మటం కొస వరకు 62 అడుగులు. రోములోని పాంథియన్ అనే పాత గుమ్మటపు గుడికి చిన్న తమ్ముడు. చలిదేశం కదా, గుండ్రని గదిలో నిప్పు ఎక్కడ పెడతారు? గోడ గూళ్లలో రోమన్ బలిపీఠాల్లాంటివి కనిపిస్తాయి. చూసి విగ్రహాలకు దిమ్మెలనుకుంటాం. అవి పోత ఇనుము పొయ్యిలు. ఇంత తెలివిని మీ వ్యాసం ‘అలంకార వస్తువులు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

పడకగదిలోని మంచం గురించి మాత్రం మీ వ్యాసకర్తతో ఏకీభవిస్తాను, చూడవలసిందే. నాలుగు కోళ్లూ బంగారు పూత పూసిన తాళజాతి చెట్లు, కింద వేళ్లు, పైన మట్టలు. ఆ మట్టలు కొబ్బరివీ కావు, తాటివీ కావు, ఈతవీ కావు. చెక్కినవాడు చెట్టెక్కి చూసినట్టు లేడు. అయినా పనితనం గొప్పది.

ఈ గదుల్లో కర్జన్ కుటుంబం కాపురం ఉండేదా? ఉండేది కాదు. వాళ్లు ఉండేది ఈశాన్యపు రెక్కలో. మధ్య కట్టడం అంతా వచ్చిపోయేవారికి చూపించడానికే. ఇది నా నింద కాదు, ఆ ఇంటి రివాజే అది. మొదటి నుంచీ చూడవచ్చినవారికి లోపలి విశేషాల పట్టిక అచ్చువేసి ఇచ్చేవారు. వచ్చేవారు బస చేయడానికి ఒక సత్రం కూడా కట్టించారు. ఇల్లు చూసుకునే గార్నెట్ అనే ఆవిడ నలభై ఏళ్లకు పైగా సందర్శకులను తిప్పి చూపించింది. చేతిలో ఆ పట్టికతోనే ఆమె బొమ్మ గీయించి ఇంట్లోనే ఉంచారు. దివాణాల్లో దొరల బొమ్మలు చూస్తాం గానీ, ఇల్లు చూపించినావిడ బొమ్మ ఎన్నిచోట్ల చూస్తాం?

1777లో ఆ సందర్శకుల్లో ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన రచయిత డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఒకడు. ఆయనకు ఇల్లు నచ్చలేదు. ఇది టౌన్‌హాలుకు బాగుంటుంది, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చు, గుండ్రని గది జ్యూరీకి, పై గదులు ఖైదీలకు అని వెటకారం చేశాడు. పాతికేళ్లు గడిచాయో లేదో, ఆ వెటకారమే నిజమైంది. అయితే డెర్బీలో కాదు, కలకత్తాలో. ఇక్కడికి వస్తే మీ వ్యాసంలోని అసలు తప్పు దగ్గరికి వచ్చినట్టే.

‘కలకత్తా గవర్నరు భవనం కెడిల్‌స్టన్‌కు అచ్చమైన నకలు’ అని రాశారు. నకలు అంటే అసలులో ఉన్నది దించడం. అసలులో లేనిది నకలులో ఉంటే దాన్ని ఏమనాలి? కెడిల్‌స్టన్‌లో అనుకున్న నాలుగు రెక్కల్లో కట్టినవి ఉత్తరాన ఉన్న రెండే. దక్షిణాన ఒక రెక్కలో సంగీతశాల, మరోదానిలో గాజు పూలగది, ప్రార్థన మందిరం రావాలి. అవి కాగితం మీదే ఉండిపోయాయి. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ 1799లో మొదలుపెట్టించి 1803కు పూర్తిచేయించిన భవనానికి నాలుగు రెక్కలూ ఉన్నాయి. అంటే ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ జమీందారు పూర్తిచేయలేనిది, ఇక్కడ మన సొమ్ముతో పూర్తయింది. ఖర్చు చూసి లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లే కళ్లు తేలేశారు. రాతికి బదులు ఇటుక, సున్నపు గార. చలికి ముడుచుకునే ఇంటి నక్షాను విప్పి, గాలి అన్ని వైపుల నుంచీ ఆడేటట్టు పరిచారు. ఒక్కటి మాత్రం కుదరలేదు. కెడిల్‌స్టన్‌లో పడమటి రెక్క అంతా వంటశాలకు ఇచ్చారు. కలకత్తాలో వంట ఆ భవనంలోనే లేదని అక్కడ కాపురమున్న వైస్రాయిల కుటుంబాలు వాపోయేవి. వడ్డన దాకా వేడి నిలవాలంటే వంటిల్లు ఎక్కడుండాలో పల్లెటూరి మేస్త్రీని అడిగినా చెబుతాడు.

ఆ భవనాన్ని గీసింది చార్లెస్ వాయట్, సైన్యంలో ఇంజనీరు. వాయట్! ముందు గుర్తుంచుకోమన్న పేరు ఇదే. కెడిల్‌స్టన్ పని చేయించిన శామ్యూల్ వాయట్ కుటుంబంలోనివాడే ఇతను. అచ్చయిన నక్షాలు చూసి దించాడో, ఇంట్లో పెద్దల నోట విని దించాడో గానీ, ఒక కుటుంబంలో పని తరాలు దాటి, సముద్రం దాటి వచ్చిందని నా ఊహ. మన వడ్రంగి, శిల్పి కుటుంబాల్లో ఇది రోజూ చూసేదే. ఆడమ్ పేరొక్కటే రాస్తే ఈ తీగ తెగిపోతుంది.

అదే ఊపులో మీ వ్యాసం మన హైదరాబాదు కోఠి రెసిడెన్సీని కూడా కెడిల్‌స్టన్ నకలుల జాబితాలో చేర్చింది. ఆ భవనం నేను ఎరిగినదే, మా చెల్లెలి కూతురు ఆ మహిళా కళాశాలలోనే చదువుకుంది. జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ నిజాం కొలువులో బ్రిటిషు ప్రతినిధిగా (రెసిడెంటు అనేవారు) ఉండగా 1803లో మొదలైన ఆ కట్టడానికి నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రసెల్. ముందు తల మీద ఆకుల చెక్కడం ఉండే ఆరు కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణపు ముఖం. కెడిల్‌స్టన్ ఉత్తరపు ముఖానికీ అవే ఆరు. అంతవరకే. కోఠిలో ఆ వంపు నడవలు, నాలుగు మూలల రెక్కలు లేవు. దీన్ని మన ఇళ్లలో మేనమామ పోలిక అంటారు. ముక్కు కలిసిందని పిల్లవాణ్ణి మేనమామ నకలు అనం కదా.

చిన్న పొరపాట్లలో ఒకటి కూడా చెప్పేస్తాను. లార్డ్ కర్జన్ ‘కెడిల్‌స్టన్‌ను కట్టించిన వైస్రాయి’ అని ఫొటో కింద ఉంది. ఆయన అక్కడ పుట్టింది 1859లో, ఇల్లు కట్టిన నూరేళ్లకు. 1899లో వైస్రాయిగా వచ్చి, తాను పుట్టిన ఇంటి పోలికలోనే దాదాపు ఏడేళ్లు కలకత్తాలో కాపురం చేశాడు. బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన కర్జన్ ఈయనే. ఆ మంట చల్లారకముందే 1907లో బిపిన్ చంద్ర పాల్ మా రాజమండ్రికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. కెడిల్‌స్టన్ కింది అంతస్తులో కర్జన్ ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన వస్తువులతో ఒక ప్రదర్శనశాల ఉంది. 1903 ఢిల్లీ దర్బారు వేడుకలకు ఆయన భార్య వేసుకున్న నెమలి గౌను అక్కడే ఉంది. జరీ పని ఢిల్లీ కళాకారులది, ఈకల్లోని కన్నుల దగ్గర పచ్చగా మెరిసేవి ఒక పురుగు రెక్కల తొడుగులు. మా ఆవిడ ఆ అద్దం ముందు అరగంట నిలబడింది. నాకు మాత్రం ఆ గదిలో ఊపిరాడలేదు. తాజ్‌మహల్‌ను బాగుచేయించినవాడు, 1904లో ప్రాచీన కట్టడాల చట్టం తెచ్చినవాడు కూడా ఆయనే కాబట్టి, తిట్టడానికీ పొగడటానికీ సగం సగం నోరు తెరిచి బయటపడ్డాను.

మీరు వేసిన ఫొటో ఉత్తరపు ముఖానిది. చూసేవారంతా అదే తీస్తారు, అది నిండుగా ఉంటుంది కాబట్టి. దక్షిణపు ముఖం కూడా వేసి ఉండవలసింది. అది పూర్తిగా ఆడమ్ గీసింది. క్రీ.శ. 315 నాటి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ విజయతోరణాన్ని రోము నుంచి తెచ్చి గోడకు అతికించినట్టు, ముందుకు నిలిచిన నాలుగు స్తంభాలు, వాటి తలల మీద విగ్రహాలు, వెనక గుమ్మటం, కిందికి రెండు వైపులా వంపు తిరిగిన మెట్లు. ఇంత చేసి, అటూ ఇటూ ఏమీ లేదు. చేతులు రావలసిన చోట భుజాలతో ఆగిపోయిన బొమ్మలా ఉంటుంది. డబ్బు చాలకే ఆపేశారంటారు. సగంలో ఆగిన పని నాకు కొత్త కాదు గానీ, ఇంత అందంగా ఆగిన పనిని నేనెక్కడా చూడలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు అటు పచ్చికలోకి దిగి, సంగీతశాల ఎక్కడ రావాలో అడుగులు కొలిచాను. ఉత్తరపు రెక్క నడవ పొడవును బట్టి లెక్కవేస్తే ఫలానా చోటని తేలింది. అక్కడ నిలబడ్డాను. కాస్త దూరంలో పచ్చిక ఉన్నట్టుండి తెగి, కంటికి కనబడని కందకంలోకి దిగుతుంది. గొర్రెలు ఇంటి దాకా రాకుండా, గోడ కట్టినట్టు కనపడకుండా చేసిన ఏర్పాటది. కందకం అవతల నుంచి ఒక గొర్రె నన్నే చూస్తూ నెమరు వేస్తోంది.

ఈ ఉత్తరం పెద్దదైందని తెలుసు, మీ చోటు సంగతీ తెలుసు. మొత్తం వేయలేకపోతే వచ్చే ఆదివారం సవరణలో రెండు ముక్కలు వేయండి. కెడిల్‌స్టన్‌కు రెక్కలు రెండే. పని చేయించినవాడి పేరు శామ్యూల్ వాయట్.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
రాజమహేంద్రవరం